ఎదురింటికి వచ్చినాయన

ఉప్పు కోసం మీనాకుమారి వస్తే జోగేశ్వరరావు ఇప్పుడు తలెత్తి చూడ్డం లేదు. పొట్లం బల్ల మీద పెట్టి, తక్కెడ తుడుస్తూ కూర్చుంటాడు.

మొన్నటిదాకా ఇలా లేదు. రామచంద్రపురంలో ఆ వీధి పిల్లల గురించి ఆరా తీయడానికి పెళ్లివారి తరఫున ఎవరొచ్చినా ముందు ఆయన కిరాణాకొట్టు దగ్గరే ఆగేవారు. ఆయన మాటతో సంబంధాలు కుదిరేవి, చెడేవి. జడ్జీ ఉద్యోగమేదో ఇచ్చినట్టు ఉండేది ఆయన వాలకం.

ఈ ఏడు, పంతొమ్మిది వందల ఎనభై నాలుగు ఎండాకాలంలో, ఓ మధ్యాహ్నం, నలిగిన చొక్కాతో ఒకాయన గొడుగేసుకుని వచ్చాడు. ఎదురింటి సంపూర్ణమ్మగారు లేరా అని కూడబలుక్కుంటూ తెలుగులో అడిగాడు.

తల్లీకూతుళ్లు పెనుగొండ అమ్మవారి గుడికి వెళ్లారు, రేపు గాని రారు, అని చెప్పాడు జోగేశ్వరరావు.

ఆయన డీలా పడ్డాడు. ఆ సాయంత్రమే సామర్లకోటలో రైలెక్కాలట.

"నేనెందుకొచ్చానంటే..."

"చెప్పక్కర్లేదండి. మీనాకుమారి గురించేగా? అడగండి."

ఆ పిల్ల వాల్తేరులో ఎమ్మెస్సీ చేసింది. డాక్టరేటుకి బెంగుళూరులో స్కాలర్‌షిప్పు వచ్చింది. బోదకాలు జబ్బు ఊరి నుంచి ఊరికి ఎలా పాకుతుందో కంప్యూటరు చేత లెక్క కట్టిస్తుందట. తల్లి మాత్రం అంత దూరం పంపనంటోంది.

"మీ కాలు చూసే నాకీ ఆలోచన వచ్చింది మావయ్యా," అందోసారి, నలుగురిలో. పంచె కిందికి లాక్కున్న సంగతి జోగేశ్వరరావు మర్చిపోలేదు.

"అమ్మాయికి పై చదువు మీద పట్టుదల ఉందాండీ?" అన్నాడాయన.

పెళ్లివారి పరీక్ష ఇది, అనుకున్నాడు జోగేశ్వరరావు. చదువు పిచ్చి ఉన్న పిల్లని ఎవరు చేసుకుంటారు?

"అబ్బే, ఆ మోజు తీరిపోయిందండి."

"స్కాలర్‌షిప్పు వచ్చిందిగా?"

"వద్దనేసింది."

"తనే వద్దందా?"

"నాతోనే అందండి. ఇంటిపట్టున ఉండే పిల్ల. నా మాట నమ్మండి."

ఆయన కాసేపు తాళం వేసిన తలుపు వంక చూశాడు. ఇక ఇంకొకరిని చూసుకోవాలన్నాడు. నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు.

ఎమ్మెస్సీ పిల్లంటే జంకాడు కాబోలు, అనుకున్నాడు జోగేశ్వరరావు.

మర్నాడు తల్లీకూతుళ్లు బస్సు దిగి వస్తుంటే పిలిచి, పెళ్లివారికి తనెంత బాగా చెప్పాడో ఏకరువు పెట్టాడు. మేం ఎవరికీ చెప్పలేదే అంది సంపూర్ణమ్మ. మీనాకుమారి ఆయన పోలికలు అడిగింది. వింటూ వింటూనే సంచి అక్కడే పడేసి టెలిగ్రాఫ్ ఆఫీసుకి పరుగెత్తింది. ఆ టెలిగ్రాంకి జవాబు సోమవారం వచ్చింది, సీటు ఇంకొకరికి ఇచ్చేశామని. అది తర్వాతి మాట.

సంపూర్ణమ్మ కొట్టు మెట్టు మీద చతికిలబడింది.

"నిన్ననే అమ్మవారి ముందు దాన్ని వెళ్లమనేశాను అన్నయ్యగారూ."

"ఇంతకీ ఎవరమ్మా ఆయన?"

"బెంగుళూరులో దానికి సీటిచ్చిన ప్రొఫెసరు గారండి. ఆడపిల్లని నేను పంపనన్నానని తెలిసి, తనే ఓ రోజు వచ్చి నన్ను బతిమాలి తీసుకెళ్తానన్నారట."