కొండను అరగదీసిన మంచునది

ఉత్తరాన ఒక మంచునది ఉండేది. రోజుకు బెత్తెడు దూరం కూడా నడిచేది కాదు, కానీ దారిలో ఏది అడ్డొచ్చినా పిండి చేసేసేది. ఒకనాడు దానికి ఒక ముసలి కొండ ఎదురైంది.

"అక్కా, నా ఒంటినిండా కుందేళ్ల బొరియలున్నాయి. కాస్త పక్కనుంచి వెళ్లవా?" అని కొండ బతిమాలింది.

"నేనెవరికోసమూ దారి మార్చుకోను," అంది మంచునది.

కుందేళ్లు పిల్లలతో సహా పారిపోయాయి. మంచునది వేల ఏళ్లపాటు కొండను అరగదీసి, ఆ రాళ్లను ముందుకు తోసుకుపోయింది.

తర్వాత ఎండలు ముదిరాయి. మంచునది కరిగి, తాను తవ్విన గుంటలోనే పెద్ద సరస్సయింది. ఒడ్డున రాళ్లు పొడవాటి గట్టుగా మిగిలాయి. ఆ గట్టు నీడన మంచునదిలో మిగిలిన చివరి మంచుగడ్డ ఉండగా ఒక కుందేలు వచ్చింది.

"ఇక్కడ మా పెద్దల కొండ ఉండేదట. నువ్వు చూశావా?"

"నువ్వు నిలబడ్డది దాని రాళ్ల మీదే తల్లీ. నేనే ముక్కలు చేశాను."

"మళ్లీ నిలబెట్టగలవా?"

"నిలబెట్టలేనమ్మా. ఆనాడు కాస్త పక్కకు తిరిగి ఉంటే నాకేం పోయేది?"

కుందేలు గులకరాళ్ల మధ్య బొరియ తవ్వుకోసాగింది.

కరిగిపోయేలోగా కొండను క్షమించమని అడగాలనుకుంది మంచుగడ్డ. గట్టు పొడవునా ఒక్కొక్క రాయినీ పిలిచి చూసింది. ఏ రాయికీ తానొకప్పుడు కొండనని గుర్తులేదు.