టీకాల నర్సమ్మ

నర్సమ్మ వీధి మొదట్లో కనబడగానే నాగేంద్రమ్మ కూతుర్ని ఎత్తి జొన్నల గాదెలోకి దించింది.

"నేను పిలిచిందాకా కిక్కురుమనమాక," అంది.

చెన్నమ్మకు ఐదేళ్ళు. తలూపి జొన్నల మీద ముడుచుకుని కూర్చుంది.

నర్సమ్మ గుమ్మం ముందు ఆగింది. పాతికేళ్ళ మనిషి. పేరు కరుణమ్మ. మిషను ఆసుపత్రి నుంచి బండలపాలెం దాకా నాలుగు కోసులు నడిచొచ్చింది. తెల్లచీర అంచంతా ఎర్రదుమ్ము. ముఖం నిండా మశూచి మచ్చలు.

"పిల్లల్ని చూపించమ్మా. టీకా వేస్తాను. అమ్మవారు పోయకుండా ఉంటది."

"ఈ చంటోడు తప్ప పిల్లల్లేరు. వీడికి జొరం."

గాదెలోంచి చిన్న దగ్గు వినపడింది.

కరుణమ్మ గాదె వంక చూసింది.

అరుగు మీద నుంచి హనుమయ్య లేచాడు. నాగేంద్రమ్మకు మామ. కొడుకు సాగర్ డ్యాము మీద రాళ్ళపనికి పోయిన దగ్గర్నుంచి ఇంట్లో ఆయన మాటే మాట. ఊళ్ళోనూ అంతే.

"అమ్మవారు ఈ ఊరి మొకం చూసి పద్దెనిమిదేళ్ళయింది. నువ్వు గీకి ఆమెను లేపితే పూచీ ఎవరిది?"

"గీకితే రాదయ్యా. గీకకపోతేనే వస్తది."

"నీ మొకం చూస్తే తెలుస్తానే ఉందిలే. తల్లీ తండ్రీ లేరా నీకు, ఇట్టా ఊళ్ళెమ్మట తిరుగుతున్నావు?"

కరుణమ్మ ఆయన ముఖంలోకి చూసింది.

"ఉన్నారు," అంది.

బేస్తవారం కరుణమ్మ మళ్ళీ వచ్చింది. ఊరంతా తలుపులు మూసుకున్నారు.

మూడోసారి వచ్చినప్పుడు హనుమయ్య ఆమె చేతిలో పెట్టె లాక్కుని, అందులోని మందు గొట్టాలన్నీ బండకేసి కొట్టాడు.

కరుణమ్మ అక్కడే కూర్చుని గాజుపెంకులు ఒక్కొక్కటే ఏరుకుంది.

"పిల్లల కాళ్ళకు గుచ్చుకుంటయ్యి," అంది.

ఏరడం అయ్యాక వెళ్ళిపోయింది.

ఎండలు ముదిరే వేళకు అమ్మవారు రానే వచ్చింది. ముందు గొర్రెలోళ్ళ గుడిసెల్లో, ఆ తర్వాత ఊళ్ళో. వారం తిరక్కుండా చెన్నమ్మ ఒళ్ళంతా పోసింది.

హనుమయ్య బండ్లు కట్టమన్నాడు. తగిలినవాళ్ళను ఇళ్ళల్లో ఉంచి, మిగతావాళ్ళు పొలాల్లోకి పోవాలి. ముందు నుంచీ ఉన్న కట్టు అది.

"దీన్నొదిలి నేను రాను మామా," అంది నాగేంద్రమ్మ.

"చంకలో వాడి సంగతేంది? ఇద్దర్నీ పోగొట్టుకుంటావా? ఉన్నవాడినన్నా దక్కించుకో."

నాగేంద్రమ్మ పిల్ల చుట్టూ వేపరెమ్మలు పరిచింది. చేతికందేట్టు ముంతతో నీళ్ళు పెట్టింది.

చెన్నమ్మ కళ్ళు వాచి మూసుకుపోయాయి. అమ్మ లేచిన అలికిడికి మెల్లిగా అంది.

"అమ్మా, ఈసారి దగ్గనే. గాదెలో దాచిపెట్టవే."

నాగేంద్రమ్మ చెవులు మూసుకుని బండెక్కింది.

మూడోనాడు పొలాల్లోంచి చూస్తే ఊళ్ళో ఒక పొయ్యి పొగ లేచింది. అంతా చూశారు. ఎవరిదో పోయి చూసే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

రెండు వారాల తర్వాత బండ్లు తిరిగొచ్చాయి.

హనుమయ్య పంచలో చాపలు వరసగా పరిచి ఉన్నాయి. ఊరివాళ్ళు ఇళ్ళల్లో వదిలిపోయిన ఏడుగురు పిల్లల్లో నలుగురు వాటి మీద ఉన్నారు. బతికి ఉన్నారు. మూలన గోడకు ఆనుకుని పొరుగింటి ముసలి కోటమ్మ కూర్చుంది. ఆమెనూ వదిలే పోయారు.

చాపల మీద చెన్నమ్మ లేదు.

"అత్తా, నా బిడ్డేదీ?"

"ఆ మచ్చల నర్సమ్మ వచ్చిందే. అందర్నీ మోసుకొచ్చి ఈడ పడుకోబెట్టింది. గంజి కాసి పోసింది. నాకూ పోసింది." కోటమ్మ ఊపిరి తీసుకుంది. "నీ బిడ్డ ఐదోనాడు పోయింది. ఆమె ఒళ్ళోనే పోయింది."

నాగేంద్రమ్మ కూలబడింది.

"కళ్ళు కనపడవుగా దానికి. అమ్మా, వచ్చావా అనడిగింది. ఆమె, వచ్చానే అంది."

"ఆమె ఏదీ ఇప్పుడు?"

"బండ్లు కనబడంగానే పోయింది. ఎండ చల్లబడ్డాక పోవే అన్నా. వినలా."

పది రోజులు గడిచాక, మామకు చెప్పకుండా, నాగేంద్రమ్మ చంటివాణ్ణి ఎత్తుకుని ఆసుపత్రికి నడిచింది.

ఫిలోమినా అనే పెద్ద నర్సు పిల్లవాడి జబ్బ తుడిచి టీకా వేసింది. వాడు గుక్కపట్టి ఏడ్చాడు.

"కరుణమ్మ లేదా అమ్మా? ఒకసారి ఆమె కాళ్ళు పట్టుకుందామని వచ్చా."

ఫిలోమినా చేతులు కడుక్కుంటూ ఆగిపోయింది.

"మీది బండలపాలెమా?"

"అవునమ్మా."

"మీ ఊరి నుంచి వస్తూ దారిలో పడిపోయింది. వడదెబ్బ. రెండు వారాలు నిద్ర లేదు కదా, తట్టుకోలేదు. రెండు రోజులు ఉండి పోయింది. ఆదివారం సమాధి చేశాం."

నాగేంద్రమ్మ పిల్లవాణ్ణి గుండెకు అదుముకుంది.

"తిట్టి తరిమాం అమ్మా. మందు నేలపాలు చేశాం. అయినా మా ఊరే ఎందుకొచ్చింది?"

"మీ ఊరికి మేం ఎవర్నీ పంపలేదు. తనే అడిగి వచ్చేది. అక్కడే పుట్టింది. ఏడేళ్ళప్పుడు ఒళ్ళంతా పోస్తే, ఇంట్లో ఉంచి ఊరు ఖాళీ చేసి పోయారంట. మా వాళ్ళు ఎత్తుకొచ్చి బతికించారు. కరుణమ్మ అనేది మేం పెట్టుకున్న పేరు."

"ఎవరి బిడ్డో చెప్పలేదా?"

"అమ్మ ముఖం గుర్తులేదనేది," అంది ఫిలోమినా. "నాయన పేరు మాత్రం హనుమయ్య అని చెప్పేది."