వంటగదిలో కింది అర

"ఈ కింది అర సర్దింది ఎవరు?"

కొత్తగా దిగిన పెద్దావిడ వంటగదిలోంచి అలా అడిగేసరికి, హాలు తుడుస్తున్న పొదుపక్క చేతిలో తుడుపుకర్ర ఆగిపోయింది. సెలవులకి వచ్చేవాళ్ళకి అద్దెకిచ్చే ఇల్లు అది. ఎవరో కుర్రాడి పేరు మీద నాలుగు రోజులకి తీసుకున్నారు. తీరా దిగింది ఈవిడ ఒక్కతే.

ఆ అర నిండా పాత అతిథులు వదిలేసి వెళ్ళినవే. సగం ఉప్పు ప్యాకెట్టు, పావు వంతు మిగిలిన నూనె సీసా, టీపొడి, పంచదార, విప్పని సబ్బు, రెండు కొవ్వొత్తులు. ఒకరు ఖాళీ చేశాక ఇంకొకరు దిగేలోపు మిగిలినవన్నీ చెత్తబుట్టలో ఉండాలని యజమానురాలి ఆజ్ఞ. రెండుసార్లు చెప్పింది. మూడోసారి చెప్పననీ, తాళంచెవి లాక్కుంటాననీ కూడా చెప్పింది. పొదుపక్క ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ తాళంచెవి వల్లే. అయినా పుట్టుకతో వచ్చిన బుద్ధి అంత తేలిగ్గా పోతుందా? పొదుపక్క అని తోటమాలి ఊరికే పేరు పెట్టలేదు.

"నేనేనండీ," అంది గుమ్మంలోకి వచ్చి. అబద్ధం నోటిదాకా వచ్చింది గానీ బయటికి రాలేదు.

"పారెయ్యమని చెప్పలేదా మీ మేడమ్?"

"చెప్పారండీ. నాకే చెయ్యి రాలేదు."

పెద్దావిడ నూనె సీసా బయటికి తీసి, దాని మీద అంటించిన కాగితం ముక్కని కళ్ళజోడు సవరించుకుని చదివింది. "పదో తారీఖున విప్పారు. భార్యాభర్తలు. శుభ్రమైన మనుషులు." తరవాత పంచదార డబ్బా తీసింది. "పదిహేడు. కాలేజీ పిల్లలు. తడి చెంచా పెట్టారేమో, చూసి వాడండి." తలెత్తింది. "ఏంటిదంతా?"

"ఎవరు వదిలారో, ఎప్పుడు విప్పారో రాసి పెడతానండీ. ముందు నేను నోట్లో వేసుకుని చూస్తాను. ఏమన్నా అయితే నాకే అవ్వాలి కదా."

"ఎవరెవరి చేతులు పడ్డాయో అని కొందరికి రోత ఉంటుంది."

"ఉన్నవాళ్ళు ముట్టుకోరండీ, బలవంతమేం లేదు. రెండు రోజుల కోసం కిలో ఉప్పు ఎవరు కొంటారు చెప్పండి. మొన్న ఒకావిడ చంటిపిల్లతో జోరువానలో దిగింది. కొట్టుకి వెళ్ళే దారి లేదు. ఈ అరే ఆదుకుంది."

పెద్దావిడ నవ్వలేదు. అలాగని కోప్పడనూ లేదు. "మీ మేడమ్ ఇటు వస్తూ ఉంటుందా?"

"రారండీ. అన్నీ ఫోన్లోనే. ఎవరన్నా ఫిర్యాదు చేస్తే మాత్రం పరిగెత్తుకొస్తారు."

"ఒంట్లో బాగుంటోందా?"

"మోకాళ్ళ నొప్పులండీ. మెట్లు ఎక్కలేరు."

గొడవకి దిగేముందు అవతలి మనిషి బలమెంతో చూసుకుంటోంది కాబోలు అనుకుంది పొదుపక్క. అనుకున్నంతా అయింది.

"అయితే ఫోన్ చెయ్యి. ఫిర్యాదు ఉందని చెప్పు. ఇప్పుడే రమ్మను."

పొదుపక్క చేతులు జోడించింది. "అమ్మా, మీకు దణ్ణం పెడతాను. ఈ క్షణంలో మొత్తం తీసి పారేస్తాను. చదువుకునే పిల్లలు ఇద్దరున్నారు నాకు. ఈ పని పోతే రోడ్డున పడతాం."

"పారెయ్యడానికి వీల్లేదు. ఫోన్ చెయ్యి."

చేతిలో కత్తి లేకుండానే గొంతు కోసేవాళ్ళు ఉంటారు మరి. కుళాయి కారుతోందనో, ఫ్యాను తిరగట్లేదనో చెప్పి ఆ పూట గట్టెక్కొచ్చు. కానీ ఎదురుగా నిలబడ్డ మనిషి చెవులు మూసుకోదు కదా. ఎలాగూ తెలిసేదే, తన నోటితోనే తెలియనీ అనుకుని పొదుపక్క మీట నొక్కింది.

"ఏంటి, మళ్ళీ ఆ అరేనా?" అంది మేడమ్ ఎత్తీ ఎత్తగానే.

"అవునమ్మా. నేనే దాచాను. పారెయ్యలేకపోయాను."

అవతల ఆ గొంతు వంటగదంతా వినిపించేంత గట్టిగా లేచింది. "ఎన్నిసార్లు చెప్పాలి నీకు? ఒకళ్ళు వాడి వదిలేసింది ఇంకొకళ్ళ మొహాన కొట్టడం నాకు గిట్టదు. అది పుచ్చుకునేవాళ్ళకి ఎలా ఉంటుందో నీకేం తెలుసు? తాళంచెవి బల్ల మీద పెట్టేసి వెళ్ళు."

పొదుపక్కకి కళ్ళనీళ్ళు తిరిగాయి. చాలా బాధేసింది. ఇన్నేళ్ళలో ఒక్క చెంచా కూడా ఇంటికి పట్టుకెళ్ళని మనిషి. నడుముకి దోపుకున్న తాళంచెవి తీసి బల్ల మీద పెట్టబోయింది. పెద్దావిడ ఆ చెయ్యి గట్టిగా పట్టుకుని ఆపింది.

"నీ దగ్గరే ఉంచు," అంది చిన్నగా. "మీ మేడమ్‌కి ఆ రోత పుట్టింది నీ వల్ల కాదు. పెళ్ళయ్యేదాకా పాపం దాని ఒంటిమీద కొత్త గుడ్డ పడలేదు, అన్నీ నేను విడిచినవే. నా నంబరు చూస్తే ఎత్తదని నీ చేత చేయించాను. చెప్పు, అక్క వచ్చింది, ఈసారి మడత విప్పని కొత్త బట్టలు తెచ్చిందని చెప్పు."