చాందిని నడక

“ఇంకొక్కసారి నడిపియ్యండి,” అంది పశువుల డాక్టర్ అనూహ్య, ఫోన్‌లోంచి తలెత్తకుండానే.

ఈదయ్య నిట్టూర్చి, తన గుర్రం చాందిని మూతి దగ్గర తాడు బిగించి పట్టుకుని చిక్కడపల్లి గల్లీలో మళ్లీ బయల్దేరాడు. నిన్నటి బరాత్ ఊరేగింపులో గుర్రం కుంటుతోందని పెళ్లివాళ్లు గొడవ చేశారు. ఇప్పుడు దాని తలకూ నడుముకూ కట్టిన చిన్న యంత్రాలు ప్రతి అడుగునూ ఫోన్‌లో గీతగా గీస్తున్నాయి. గీత ఈసారీ వంకరగానే వచ్చింది.

“తాడు లూజుగా పట్టుకోండి.”

“ఎట్ల మేడం? పటాకులకు బెదురుతదని గిట్లనే అలవాటైంది.”

అనూహ్య అతని కాళ్ల వైపు చూసింది. “అక్కా, జర మీరు పట్టండి.”

గడపలో నిలబడ్డ ఈదయ్య భార్య బీరమ్మ వచ్చి తాడు అందుకుని గుర్రాన్ని నడిపించింది. గీత సాఫుగా సాగింది.

“గుర్రానికేం లేదు. మీరు కుంటినప్పుడల్లా తాడు గుంజుకొని దాని తల ఊగుతుంది. మీ మోకాలు ఎప్పటి నుంచి నొస్తుంది?”

ఈదయ్య అరుగు మీద కూలబడ్డాడు.

“ఆ నొప్పి దానికే ఉంటే బాగుండు మేడం. దాని పేరు చెప్పి నేను గూడ జర కూసుంటుంటి.”

కాసేపటికి లేచి, అలవాటుగా చెయ్యి చాచాడు.

బీరమ్మ తాడు ఇవ్వలేదు.