అత్తగారి షుగర్

"పదకొండు... పన్నెండు... వీపు వంచకండి అత్తయ్యా!"

చేతిసంచీతో గుమ్మంలో అడుగుపెట్టిన కూతురు అక్కడే కొయ్యబారిపోయింది.

ముందుగదిలో సామానంతా గోడకు చేరింది. మధ్యలో తన తల్లి రెండు చేతుల్లో రెండు నీళ్ల డబ్బాలు పట్టుకుని కుర్చీలోంచి లేస్తోంది, మళ్లీ కూర్చుంటోంది. మొహం కందగడ్డలా ఉంది. పక్కనే తమ్ముడి భార్య. ఆమె చేతుల్లో ఇంకా పెద్ద డబ్బాలు. తనూ లేస్తూ కూర్చుంటూ పోలీసు డ్రిల్లులా అంకెలు చెబుతోంది.

"ఏం జరుగుతోందిక్కడ?" కూతురి కేక వీధి చివరిదాకా వినిపించి ఉంటుంది.

"వదినా! రండి, రండి. ఇంకో మూడే," అంది కోడలు ఆయాసపడుతూ.

"ఇంకో మూడా? అరవై ఆరేళ్ల మనిషి! నీకు ముప్పై నాలుగొచ్చాయి, ఆమాత్రం తెలియదా? ఎదురింటావిడ ఫోన్ చేసి, మీ అమ్మ చేత పొద్దున్నే బరువులు మోయిస్తున్నారమ్మా అంటే, ఆవిడకి వేరే పనిలేదనుకున్నాను!"

"పదమూడు," అంది పెద్దావిడ తాపీగా. ముప్పై ఏళ్లు లెక్కల టీచరుగా చేసిన మనిషి, ఇల్లు తగలబడుతున్నా లెక్క మధ్యలో వదలదు. పదిహేను పూర్తిచేసి, డబ్బాలు దింపి, తువ్వాలుతో మెడ తుడుచుకుంది.

కోడలు ఇరవై దాకా వెళ్లి ఆగింది. "మూడు నెలల కిందట మా ఆఫీసులో ఉచితంగా పరీక్షలు చేశారు వదినా. ఇంట్లోవాళ్లనీ తీసుకురమ్మంటే అత్తయ్యని తీసుకెళ్లాను. ఇద్దరం రక్తం ఇచ్చాం. నాకు టికెట్ల కౌంటర్లో ఊపిరాడని పని, రిపోర్టులు అత్తయ్యే తెచ్చుకున్నారు. నాకేమీ లేదట, ఆవిడకే షుగరట."

"డాక్టరేమన్నారు?"

"ఇప్పుడిప్పుడే మొదలైందన్నారట. మందుల దాకా పోకుండా తిండి తగ్గించి, బరువులెత్తి చూడమన్నారట. కండ గట్టిపడితే రక్తంలో చక్కెరని అదే వాడేసుకుంటుందట."

"అన్నారట, అన్నారట! నువ్వు వెళ్లలేదా?"

"వద్దన్నారు అత్తయ్య. తనొక్కరే వెళ్లొచ్చారు."

"ముసలావిణ్ని ఒంటరిగా పంపించావన్నమాట. బాగుంది!"

కోడలి మొహం చిన్నబోయింది. "నేను చేసి చూపిస్తేగానీ ఆవిడ చెయ్యరు వదినా. నేను తగ్గించి తింటేగానీ ఆవిడ తగ్గించరు. నా ఒంటి కోసమైతే ఒక్కరోజు కూడా ఇంత పొద్దున్నే లేచేదాన్ని కాదు." ఆమె డబ్బాలు గోడవారకి జరిపింది. "ఈ జబ్బుతోనే మా అమ్మకి కాలు తీసేశారు. ఆ తర్వాత ఏడాది కూడా బతకలేదు. ఆ పేరు వింటేనే నాకు ఒళ్లు చల్లబడిపోతుంది. అత్తయ్యనైనా దక్కించుకుందామని..."

"మీ అమ్మకి చెయ్యలేనిదంతా మా అమ్మ నడుం మీద తీర్చుకుంటావా? సాయంత్రం బస్సుకి అమ్మని తీసుకెళ్లిపోతున్నా."

కోడలి కళ్లు నిండిపోయాయి.

"నేనెక్కడికీ రాను," అంది పెద్దావిడ. "సాయంత్రం మళ్లీ రక్తపరీక్ష. మేమిద్దరం వెళ్లాలి."

"ఇద్దరెందుకు?"

"నాకు సూదంటే భయం. ముందు ఇది రక్తం ఇస్తేగానీ నేను చెయ్యి చాపను."

"పోయినసారీ ఇంతే వదినా," అంది కోడలు, కళ్లు తుడుచుకుని నవ్వబోతూ.

కూతురు తల పట్టుకుంది. ముగ్గురు పిల్లల్ని కన్న మనిషికి ఇప్పుడు సూది భయమట. ముసలితనంలో చంటిపిల్లయిపోయిన తల్లిని చూస్తే జాలీ వేసింది, ఒళ్లూ మండింది.

కోడలు తయారై డ్యూటీకి బయల్దేరింది. చెప్పులు వేసుకుంటూ కూడా అప్పగింతలే. "టీలో చక్కెర అడుగుతారు వదినా. బతిమాలతారు కూడా. లొంగకండేం!"

ఆమె సందు మలుపు తిరిగేదాకా పెద్దావిడ కిటికీ దగ్గరే నిలబడింది. తర్వాత వంటింట్లోకి వెళ్లి, టీ పెట్టుకుని, పైఅరలో పాత డబ్బాల వెనకనుంచి చక్కెర సీసా తీసింది. ఒకటి, రెండు, మూడు చెంచాలు. కలుపుకుని, కళ్లు మూసుకుని తాగింది.

కూతురు గుమ్మంలోంచి దూసుకొచ్చింది. "అమ్మా! షుగరు పెట్టుకుని మూడు చెంచాలా? ఆ పిచ్చిది నీకోసం నోరు కట్టుకుని చస్తుంటే, నువ్వు దొంగచాటుగా ఇదా? ఎన్నాళ్లనుంచి?"

"మూడు నెలల్నుంచి," అంది పెద్దావిడ, ఇంకో గుక్క తాగి.

"తిట్టాల్సింది దాన్ని కాదు, నిన్ను! ఆ రిపోర్టేదో గట్టిగా చదివి వినిపిస్తేగానీ నీకు బుద్ధి రాదు." కూతురు విసవిసా వెళ్లి బీరువా తెరిచింది.

"దాన్ని ముట్టుకోకు!"

ఒకప్పుడు ఆ గొంతుకి తరగతి మొత్తం గప్‌చుప్ అయిపోయేది. కూతురు మాత్రం ఆగలేదు. బట్టల అడుగునుంచి ఫైలు లాగింది. అందులో ఉన్నది ఒకటే కాగితం. షుగర్ అంకె చుట్టూ ఎర్ర పెన్నుతో గుండ్రంగా గీసి ఉంది.

"చూడు, ఎంతుందో! ఇంత పెట్టుకుని..." అంటూ కాగితం పైవరుస చదివి ఠక్కున ఆగిపోయింది. మళ్లీ చదివింది. మంచం మీద కూలబడింది.

పెద్దావిడ కప్పు కిందపెట్టి, వీధి వైపోసారి చూసి, గొంతు తగ్గించింది. "సాయంత్రం దాకా నోరు మెదపకు. ఇంకొక్క పూట."

కాగితం మీద వయసు ముప్పై నాలుగని ఉంది.