మరక లేని దుప్పటి

తడిసిన దుప్పటిని ముక్కు దగ్గర పెట్టుకోగానే టైలరమ్మకి తెలిసిపోయింది. అది మూత్రం కాదు, మంచినీళ్ళు!

మంచం పక్కనున్న చెంబు ఖాళీ. మొగుడు గోడవైపు తిరిగి, లేని నిద్ర నటిస్తున్నాడు.

ఆయన రిటైరైన బస్సు డ్రైవరు. ప్రోస్టేట్ ఆపరేషన్ అయ్యాక తుమ్మినా, దగ్గినా బట్టలు తడిసిపోయేవి. "ఊరందరి బస్సూ నడిపాను. సొంత బండికే బ్రేకులు పోయాయే!" అని తల పట్టుకునేవాడు.

అప్పుడొచ్చింది ఫిజియో మేడం. నవ్వితే సొట్టలు.

"బ్రేకులు పోలేదు సార్, వదులయ్యాయి. మూత్రాశయం నిండగానే నరాలు మెదడుకి కబురు పెడతాయి. మెదడు ఆగమంటే కింది కండరం బిగుసుకుని దారి మూస్తుంది. ఆపరేషన్‌తో అది నీరసపడింది. దానికి కసరత్తు కావాలి. ఏదీ, బిగించండి సార్... వదలండి!"

"లంగాబొందు లాంటిదన్నమాట" అంది టైలరమ్మ ముభావంగా.

సార్ అన్న పిలుపుకి ఆయన ఛాతీ రెండంగుళాలు పెరిగింది. అది కనిపెట్టడానికి టైలరమ్మకి టేపు అక్కర్లేదు. ఆ రోజు నుంచి మేడం గుమ్మంలో చెప్పులు విడిచిందంటే చాలు, మిషను ఆపేసి, స్టూలు ఈడ్చుకొచ్చి మంచం పక్కన తిష్ఠ వేసేది. మేడం వెళ్ళాక మళ్ళీ మిషనే లోకం.

"కాసేపు కూర్చోరాదుటే" అనేవాడాయన.

"ఈ జాకెట్లు మీ అమ్మమ్మొచ్చి కుడుతుందా?"

కిందటి వారం మేడం శుభవార్త చెప్పింది. "పూర్తిగా అదుపులోకి వచ్చింది సార్. ఇక నేను రానక్కర్లేదు."

ఆయన మొహం ఆముదం తాగినట్టయింది. మర్నాడే పక్క తడిసింది. మేడం మళ్ళీ రావడం మొదలుపెట్టింది. "కండరం గట్టిగానే ఉందే!" అని ఆవిడకీ ఆశ్చర్యమే.

ఇప్పుడు టైలరమ్మకి అంతా అర్థమైంది.

"లేవండి! ఈ నీళ్ళెవరు పోశారు?"

"చెయ్యి తగిలి ఒలికుంటాయి."

"రోజూ తగులుతుందా చెయ్యి? ఈ వారమంతా ఆరేసిన దుప్పటి మీద ఒక్కనాడైనా మరక లేదు, వాసన లేదు. బట్టల మధ్య బతికేదాన్ని, నాకా కథలు?"

ఆయన ఇంకాస్త గోడవైపు జరిగాడు.

"ఆవిడ కోసం ఈ వయసులో పక్క తడుపుకుంటారా? అంత మనసు పడ్డారా?" ఆమె దుప్పటిని కసిగా పిండింది. "అదేదో చెప్పేస్తే నా మిషను నెత్తిన పెట్టుకుని నేనే పోతాను."

ఆయన నెమ్మదిగా లేచి కూర్చున్నాడు. తల దించుకున్నాడు.

"నేనే పోశాను. ఆవిడ రావాలనే పోశాను."

టైలరమ్మ చేతిలోంచి దుప్పటి జారిపోయింది.

"ఆవిడొస్తేనే కదే, నువ్వు మిషను ఆపి నా పక్కన కూర్చునేది."