జున్నుతో నరసాపురం దాకా

బాత్రూమ్ గడియ పడిన చప్పుడు వినబడగానే కదలాలి. అనుకున్నది అంతే.

సత్యప్రసాద్ స్నానానికి పది నిమిషాలు పడుతుంది. ఆ పది నిమిషాల్లో ఆశాజ్యోతి కుక్కను ఎత్తుకుని మూడంతస్తుల మెట్లు దిగింది. సందు చివర నిలిపిన అద్దె కారులో వెనక సీటు మీద దాన్ని కూర్చోబెట్టింది. చున్నీ తలకీ ముఖానికీ చుట్టుకుంది. తాళం తిప్పింది.

కాకినాడ దాటేసరికి ఎనిమిదిన్నర.

కుక్క పేరు జున్ను. తెల్లటి ఊరకుక్క. ఎడమ చెవి సగమే ఉంటుంది. మిగతా సగం ఏమైందో ఆ అపార్ట్‌మెంట్‌లో అందరికీ తెలుసు. ఎవరూ అడగరు.

నాలుగేళ్లు. రాత్రి భోజనాలయ్యాక తలుపు ధడాలున మూసిన చప్పుడు. తర్వాత బెల్టు చప్పుడు. తర్వాత జున్ను మూలుగు. తెల్లారేక మెట్ల దగ్గర అదే మనిషి, ఇస్త్రీ చొక్కాలో, “బాగున్నారా అండీ” అని అందరికీ నవ్వుతూ నమస్కారం.

ఆ ఇంట్లోంచి బయటపడాలనుకోవడం ఇది మొదటిసారి కాదు. మూడుసార్లు బట్టలు సర్దడం అయింది. మూడుసార్లూ వాటిని తిరిగి బీరువాలో పెట్టడమూ అయింది. కారణం జున్నే. బస్సెక్కనివ్వరు. లేడీస్ హాస్టల్లో ఉంచుకోనివ్వరు. వదిలేసి వెళ్తే సాయంత్రానికి ప్రాణాలతో ఉండదు.

అందుకే ఈసారి కారు.

తాళ్లరేవు దగ్గర డ్యాష్‌బోర్డు మీది ఫోన్ మోగింది. సత్యప్రసాద్. ఆశాజ్యోతి ఎత్తలేదు. మోగి మోగి ఆగింది. వెంటనే మెసేజ్ వెలిగింది.

“నీ లొకేషన్ నాకు కనబడుతుందని మర్చిపోయావా?”

కారులో ఏసీ పనిచెయ్యడం లేదు. జున్ను దూకేస్తుందేమోనని అద్దాలు సగమే దించింది. చున్నీ చెమటకి తడిసి చెంపలకి అంటుకుపోయింది. యానాం వంతెన ఎక్కేసరికి ఇంకో మెసేజ్.

“వంతెన మీదున్నావు. కుక్కని కూడా తీసుకుపోతున్నావు కదూ. బయల్దేరుతున్నా.”

ఆ తర్వాత మెసేజ్‌లు ఆగిపోయాయి. అంటే బుల్లెట్ మీద ఉన్నాడు. ఫోన్ మోగుతున్నప్పటికంటే ఇప్పుడే ఎక్కువ భయమేసింది. అద్దంలో ప్రతి మోటార్‌సైకిలూ అతనిదే అనిపించింది. వెనక జున్ను కిటికీ సందులో ముక్కు దూర్చి, గాలి వాసన చూస్తోంది. పుట్టి బుద్ధెరిగాక అది బాల్కనీ గొలుసు దాటి ఇంత దూరం రాలేదు.

అమలాపురం దాటాక ఆశాజ్యోతి కారును సముద్రం వైపు తిప్పింది.

ఓడలరేవు ఒడ్డున కొబ్బరిబొండాలు అమ్ముకునే లోవమ్మ తప్ప ఎవరూ లేరు. జున్ను తడి ఇసుకలో నాలుగడుగులు వేసింది. అల రాగానే వెనక్కి గెంతింది. మళ్లీ ముందుకెళ్లి నీళ్ల మీద మొరిగింది. అంత గట్టిగా అది మొరగడం ఆశాజ్యోతి ఎప్పుడూ వినలేదు.

ఫోన్ మోగింది.

“మీవారా అమ్మా?” అంది లోవమ్మ బొండాం చెక్కుతూ. “ఎత్తండి. పాపం, కంగారు పడతారు.”

ఆశాజ్యోతి బొండానికి డబ్బులిచ్చింది. ఫోన్ ఆగి, మెసేజ్ వచ్చింది.

“సముద్రం చూపిస్తున్నావా దానికి? చూపించు. అదే ఆఖరు. ముమ్మిడివరం దాటేశా.”

“అలా వణికిపోతున్నారేంటమ్మా?” లోవమ్మ దగ్గరికొచ్చింది. “ఆ ఫోన్ ఆపి పడేయండి.”

“ఆపితే లాభం లేదండీ.”

జున్ను రానంది. ఇసుకలో చతికిలపడింది. ఎత్తుకుని కారెక్కించాల్సి వచ్చింది.

బోడసకుర్రు వంతెన, మలికిపురం, సఖినేటిపల్లి. రోడ్డు అక్కడితో అయిపోయింది. ఎదురుగా వశిష్ఠ. అవతల నరసాపురం. కార్లనీ, మోటార్‌సైకిళ్లనీ, మనుషులనీ ఏరు దాటించే పంటు రేవులో నిండుతోంది. పన్నెండు దాటింది. ఎండ చిటపటలాడుతోంది.

కారును పంటు మీదికి ఎక్కించింది. ముందొక వ్యాను, వెనకొక ట్రాక్టరు, చుట్టూ మోటార్‌సైకిళ్లు. డ్రైవర్ పక్క తలుపు జానెడు తెరుచుకుంటే గొప్ప.

“మధ్యలో వెనక్కి తిప్పుతారా అండీ?” అని టిక్కెట్లతనిని అడిగింది.

“భలేవారండీ! ఒకసారి కదిలాక అవతలి ఒడ్డేనండి. ఎవరు చెప్పినా తిప్పం.”

అప్పుడే రేవు వాలులో బుల్లెట్ చప్పుడు వినిపించింది. ఆ చప్పుడుకి జున్ను సీటు కిందకి దూరిపోయింది.

పంటువాళ్లు పలకలు ఎత్తబోతున్నారు. తొందరగా ఎత్తేయమని అరవాల్సిన సమయం అది. ఆశాజ్యోతి అరవలేదు. రెండు చేతులతో స్టీరింగ్ పట్టుకుని కూర్చుంది. బుల్లెట్ ఆఖరి క్షణంలో పలక మీదుగా ఎక్కేసింది. గొలుసు పడింది. ఇంజను గుర్రుమంది. ఒడ్డు మెల్లగా వెనక్కి పోయింది.

బుల్లెట్ స్టాండు వేసి, బళ్ల మధ్య నుంచి ఒక్కొక్కరినీ తప్పించుకుంటూ అతను వస్తున్నాడు. ఇస్త్రీ చొక్కా చెమటతో వీపుకి అతుక్కుపోయింది. ఆశాజ్యోతి అద్దాలన్నీ పైకెత్తేసింది. సీటు కింద జున్ను ఒళ్లంతా వణుకుతోంది. దిగడానికి చోటు లేదు, పారిపోవడానికి నేల లేదు.

అద్దం మీద పిడికిలి పడింది. ఒకటి. రెండు.

“దిగు! ఎంత దూరం పోతావనుకున్నావు? దిగవే!”

చుట్టూ ఉన్నవాళ్లు తిరిగి చూశారు. మొగుడూపెళ్లాల గొడవనుకుని మొహాలు తిప్పుకున్నారు.

పంటు ఏటి నడుమకి వచ్చేవరకు ఆమె అలాగే కూర్చుంది. తర్వాత అద్దం దించింది.

“మీ ఆవిడ హారతి రైలెక్కి రెండు గంటలైందండీ సత్యప్రసాద్ గారూ. ఇదిగో ఆవిడ ఫోన్,” అంది ఎదురు ఫ్లాటు ఆశాజ్యోతి టీచరు, ముఖానికి చుట్టుకున్న చున్నీ విప్పుతూ.